ఇంటర్నెట్ పేర్లకు రాజముద్ర

2022 జూలై 16వ తేదీన భద్రాచలము వద్ద గోదావరి నీటిమట్టము 71.3 అడుగులకు చేరినది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అక్కడ అంతటి మట్టము మరల కనబడలేదు. ఆ నీరు ధవళేశ్వరము దాటి లంకలను, కోనసీమలోని పల్లపు గ్రామములను ముంచుచున్న ఆ దినములలో జనులు చేతిలోని ఫోనును మాటిమాటికి చూచిన దొకందుకే: ఆనకట్ట వద్ద మట్టమెంత? ఎన్నవ హెచ్చరిక నడచుచున్నది? ధవళేశ్వరము వద్ద నీరు 11.75 అడుగులకు వచ్చిన మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. పశువులను తోలుకొని గట్టెక్కవలెనా, ఇంకొక రాత్రి ఆగవచ్చునా అను నిర్ణయము ఆ అంకెలమీద నడచును.

ఇప్పుడొక సంగతి ఊహించుడు. ఒకడు ప్రభుత్వపు వెబ్‌సైటు పేరును ఒక్క అక్షరమైనను తప్పకుండ కొట్టినాడు. పేజీ తెరచుకొన్నది. రంగులవే, గుర్తులవే. కాని అది ప్రభుత్వపు పేజీ కాదు. మరెవరో ఎక్కడనో పెట్టిన నకిలీ. పేరు సరియైనదే, ఆ పేరునకు ఫోను తెచ్చుకొన్న చిరునామా మాత్రము దొంగది. అందులో నీటిమట్టము రెండడుగులు తక్కువగా చూపినచో ఏమగునో డెల్టావారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇట్టి మోసము సాధ్యమే. దీనిని నివారించుటకై పేర్ల సర్వర్లలో ఒక విధమైన తాళంచెవులను తయారుచేసి అమర్చుచున్నారు. ఆ తాళంచెవు లేవి, ఎట్లు పుట్టును, ఎక్కడ నుంచవలెను అనునది తెలిసికొనుటకు ముందు పేర్ల ఏర్పాటును కొంచెము చూడవలెను.

కాలువలు, బోదెలు

యంత్రములకు పేర్లతో పనిలేదు. ఇంటర్నెట్‌లోని ప్రతి సర్వరునకు ఒక సంఖ్యారూపమైన చిరునామా ఉండును. మొదటి రోజులలో పేర్లకు, సంఖ్యలకు సంబంధించిన పట్టిక యంతయు అమెరికాలో ఒకేచోట ఒకే ఫైలుగా ఉండెడిది. తక్కినవారందరు దానిని నకలు తీసికొనుచుండిరి. యంత్రములు పెరిగినకొలది ఆ పట్టికను దిద్దుట దుర్లభమైనది. 1983లో పాల్ మాకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు ఆ పట్టికను ముక్కలుచేసి, ఏ ముక్కను దాని సొంతదారే చూచుకొను పద్ధతిని కల్పించెను. అదియే డొమైన్ పేర్ల పద్ధతి, సంగ్రహముగా డీఎన్ఎస్.

దీని కట్టడి గోదావరి కాలువలను పోలియున్నది. తూర్పు డెల్టాకు ధవళేశ్వరము వద్ద, మధ్య డెల్టాకు బొబ్బర్లంక వద్ద, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరము వద్ద నీరు విడుతురు. ప్రధాన కాలువ నుండి పిల్లకాలువ, దానినుండి బోదె, బోదెనుండి చేను. ధవళేశ్వరములోని అధికారికి ప్రతి చేను తెలియనక్కరలేదు. ఏ కాలువ ఎటు పోవునో తెలిసిన చాలును. డీఎన్ఎస్‌లో కూడ అంతే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు పేరు 'ఏపీ.గవ్.ఇన్'. దీనిని కుడినుండి ఎడమకు చదువవలెను. అన్నిటికి పైన మూల సర్వర్లు. అవి 'ఇన్' అను భారతదేశపు సర్వర్ల జాడ మాత్రము చెప్పును. 'ఇన్' వ్యవహారము చూచునది నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజి ఆఫ్ ఇండియా అను సంస్థ. ఆ సర్వర్లు 'గవ్.ఇన్' జాడ చెప్పును. అవి 'ఏపీ' జాడ చెప్పును. చివరకు చిరునామా దొరకును.

ఈ తిరుగుడంతయు ఫోను చేయదు. దాని తరపున ఇంటర్నెట్ కంపెనీవారి విచారణ సర్వరు ఒకటి తిరిగి జవాబు తెచ్చును. తెచ్చిన జవాబును కొంత గడువువరకు తన జ్ఞాపకములో దాచుకొని, తరువాత అడిగినవారికి అక్కడినుండియే ఇచ్చును. ఇది మంచి పొదుపు. మోసగాడు కన్ను వేసినదికూడ దీనిమీదనే. విచారణ సర్వరును ఒక్కసారి మోసగించిన చాలును. గడువు తీరువరకు దానిని అడిగిన వేలమందికి అదే దొంగ జవాబు అందుచుండును. నీరు విషమైనది బోదెలో కాదు, కాలువ తలలోనే.

పందెము

1983 నాటి పద్ధతిలో జవాబుక్రింద సంతకము లేదు. విచారణ సర్వరు ప్రశ్నతోపాటు ఒక సంఖ్యను పంపును. అదే సంఖ్యతో మొదట వచ్చిన జవాబును నమ్మును. ఆ సంఖ్య 65,536 విధములలో ఏదో ఒకటి. కనుక అసలు జవాబు వచ్చులోపల సరియైన సంఖ్యతో దొంగ జవాబును చేర్చగలిగినవాడే గెలుచును. బెల్ ప్రయోగశాలలలో పనిచేసిన స్టీవెన్ బెల్లోవిన్ డీఎన్ఎస్ జవాబులను నమ్ముటలోని అపాయమును 1990లోనే గ్రహించి వ్యాసము వ్రాసెను. దుర్మార్గులకు దారి చూపినట్లగునని 1995 వరకు దానిని బయట పెట్టలేదు.

అయినను చాలకాలము ఎవరును అంతగా జంకలేదు. కారణము గడువు. ఒక్కసారి పందెములో ఓడినచో అసలు జవాబు జ్ఞాపకములో చేరిపోవును; గడువు తీరువరకు మోసగాడు మరల ప్రయత్నించుటకు వీలులేదు. 2008లో డాన్ కామిన్‌స్కీ అను అమెరికా పరిశోధకుడు ఈ ధైర్యమును పోగొట్టెను. అతడు చూపిన ఉపాయము చిన్నది. ఉన్న పేరును అడుగక, లేని పేర్లను అడుగవలెను: ఒకటవ పేరు, రెండవ పేరు, మూడవ పేరు. ఏదియు జ్ఞాపకములో ఉండదు కనుక ప్రతిసారి కొత్త పందెమే. దొంగ జవాబులో, "ఈ పేరు నాకు తెలియదు, ఈ డొమైనునకు పెద్ద సర్వరు ఫలానాచోట ఉన్నది, దానిని అడుగుము" అని వ్రాయవలెను. ఒక్క పందెము గెలిచినచో డొమైను మొత్తము చేజిక్కును.

విద్యార్థులు లెక్క కట్టి చూడవచ్చును. పందెమునకు 100 చొప్పున దొంగ జవాబులు పంపిన, గెలుపు అవకాశము సుమారు 655లో ఒకటి. ఇది అల్పమే. కాని సుమారు 450 పందెములు పెట్టునప్పటికి గెలుపు ఓటములు సమానమగును. యంత్రములకు 450 ప్రశ్న లొక లెక్క కాదు. ప్రపంచములోని సర్వరు తయారీదారులు గుట్టుగా మాట్లాడుకొని 2008 జూలై 8న ఒకేసారి సవరణలు విడుదల చేసిరి. ప్రశ్న పంపు ద్వారమును కూడ ప్రతిసారి మార్చుట ఆ సవరణ. దీనితో ఊహించవలసిన విధములు 65,536 నుండి సుమారు 400 కోట్లకు పెరిగినవి. ఇది గోడ ఎత్తు పెంచుట మాత్రమే. జవాబు ఎవరిదో తేల్చు సంతకము అప్పటికిని లేదు.

రాగిరేకుల ఉంగరము

జవాబు ఎవరిదని తేల్చుట ఈ ప్రాంతమునకు కొత్త సమస్య కాదు. రాజమహేంద్రవరమునుండి ఏలిన తూర్పు చాళుక్యులు దానశాసనములను రాగిరేకులపై చెక్కించిరి. పదకొండవ శతాబ్దములో రాజరాజనరేంద్రుడు ఇచ్చిన నందంపూడి శాసనమును వ్రాసినవాడు నన్నయభట్టు. రేకులకు రంధ్రము చేసి, అన్నిటిగుండ ఒక ఉంగరము దూర్చి, దాని కొనలను ముద్రలో అతికించుట ఆనాటి ఆచారము. అనేక చాళుక్య ముద్రలపై వరాహము, 'శ్రీ త్రిభువనాంకుశ' అను బిరుదము కనబడును.

ఆ ముద్ర చేసిన పనిని గమనింపుడు. అది శాసనమును దాచలేదు. చదువు వచ్చిన ప్రతివాడు చదువవచ్చును. అది చెప్పినది రెండు మాటలే: ఇది రాజు ఇచ్చినది, ఉంగరము కోయనిదే నడుమ రేకు మార్చుటకు వీలులేదు. డీఎన్ఎస్ తాళంచెవుల పనియు సరిగా ఇదియే. 'తాళంచెవి' అను మాట విని చాలమంది జవాబులు పెట్టెలో పెట్టి బిగించి పంపుదురని భ్రమపడుదురు. అట్లు కాదు. (డెల్టాలో 'లాకు' అనినను తాళము కాదు, కాలువ లాకే గుర్తుకు వచ్చును, మాటలు ఇట్లు తప్పుదారి పట్టించుట కొత్త కాదు.) జవాబు బాహాటముగానే వచ్చును. దానిక్రింద ముద్ర ఉండును.

ఇద్దరి నడుమ రహస్యము

తాళంచెవులు రెండు జాతులు. మొదటిది సులభము. రాజమహేంద్రవరములోని ఒక కళాశాల తన డొమైనునకు రెండు సర్వర్లు పెట్టుకొన్నదనుకొనుడు. ఒకటి కళాశాలలో, రెండవది హైదరాబాదులో. మొదటిదానిలో పట్టిక మారినప్పుడు రెండవది నకలు తీసికొనవలెను. అడుగుచున్నది నిజముగా తన జతయే అని మొదటి సర్వరునకు తెలియుటెట్లు? ఒక రహస్య సంఖ్యను ఇద్దరివద్దను ముందే ఉంచుదురు. పంపువాడు సందేశమును, రహస్యమును కలిపి ఒక గణితయంత్రములో వేసి చిన్న సారమును తీసి సందేశము చివర అంటించును. అందుకొన్నవాడు తనవద్దనున్న రహస్యముతో అదే లెక్క చేసి, సారము కలిసినదా లేదా చూచును. 2000లో ప్రమాణముగా వెలువడిన ఈ పద్ధతికి 'టీసిగ్' అని పేరు.

ఈ రహస్యమును మనిషి ఊహించి పెట్టరాదు. ఊరిపేరు, పిల్లవాని పేరు, పుట్టిన సంవత్సరము, వీనిని దొంగ కూడ ఊహింపగలడు. సర్వరు సాఫ్ట్‌వేరులలో ప్రసిద్ధమైన 'బైండ్'లో 'టీసిగ్-కీజెన్' అను ఆజ్ఞ ఉన్నది. అది సాధారణముగా 256 బిట్ల సంఖ్యను పుట్టించును. అనగా సాధ్యమైన సంఖ్యలు 78 అంకెల పొడవు కలిగిన రాశి. కంప్యూటరు నిక్కమైన యాదృచ్ఛికతను తన లెక్కలనుండి పుట్టింపజాలదు. కనుక డిస్కు కదలికలు, కీబోర్డు నొక్కిన వేళలు మొదలగు బయటి అలజడులనుండి కూడబెట్టుకొనును. పూర్వపు యంత్రములలో ఆ అలజడి చాలక ఆజ్ఞ నిమిషములకొలది నిలిచిపోయెడిది. నిర్వాహకులు ఊరక కీలు నొక్కుచు కూర్చుండెడివారు.

పుట్టిన రహస్యమును రెండు సర్వర్ల అమరికఫైళ్లలో ఒకే పేరుతో, ఒకే గణితపద్ధతితో వ్రాయవలెను. పేరులో ఒక అక్షరము తేడాపడిన జత కుదరదు. ఆ ఫైలును సర్వరు తప్ప ఇతరులు చదువకుండ చేయవలెను. ఈమెయిలులో పంపరాదు. ఇంకొకటి: పాత సందేశమును పట్టి దాచి మరల పంపు దొంగను అడ్డుటకై ప్రతి సందేశములో కాలము వ్రాయుదురు, వాడుకలో 300 సెకండ్ల తేడావరకే సహింతురు. అందుచేత ఒక సర్వరు గడియారము పది నిమిషములు వెనుకబడినచో అంతయు సరిగా ఉన్నను జవాబు తిరస్కరింపబడును. నిర్వాహకుడు రహస్యమును నాలుగుసార్లు మార్చి విసిగిన తరువాత తప్పు గడియారములో తేలుట తరచుగా జరుగును.

ముద్ర వేయువాడొకడు, పోల్చువారందరు

టీసిగ్ ఇద్దరికి సరిపోవును. కాని కోట్లకొలది ఫోనులతో రహస్యము పంచుకొనుటెట్లు? పంచుకొన్నది రహస్యము కాదు. ఇక్కడ రెండవ జాతి కావలెను: ముద్ర వేయుటకు ఒక సంఖ్య, పోల్చుటకు వేరొక సంఖ్య. మొదటిది రహస్యము, రెండవది బహిరంగము. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అను ముగ్గురు దీనికొక మార్గము చూపిరి. దానిని నల్లబల్లమీద చేసి చూపవచ్చును.

3, 11 అను రెండు ప్రధానసంఖ్యలను తీసికొనుడు. వాని లబ్ధము 33. ఒక్కొక్కటి తగ్గించి గుణించిన, 2 ను 10 చే గుణించిన, 20. ఇప్పుడు లబ్ధమును 20 చే భాగింపగా 1 శేషించు రెండు సంఖ్యలు కావలెను: 3, 7 సరిపోవును, 21లో 20 పోగా 1. లోకమునకు 33, 3 అను సంఖ్యలను చాటుదురు. 7 ను దాచుకొందురు. జవాబు '4' అనుకొనుడు. ముద్ర వేయుటకు 4 ను 7వ ఘాతమునకు హెచ్చింపవలెను: 16,384. దీనిని 33 చే భాగింప శేషము 16. ఇదే ముద్ర. జవాబు 4, ముద్ర 16 అని పంపుదురు. అందుకొన్నవాడు 16 ను 3వ ఘాతమునకు హెచ్చించును: 4,096. 33 చే భాగింప శేషము 4. జవాబుతో కలిసినది! దారిలో దొంగ 4 ను 5 గా దిద్దినచో, ముద్ర మాత్రము 4 అనియే చెప్పును, మోసము బయటపడును. 5 నకు తగిన ముద్ర వేయుటకు 7 తెలియవలెను. 33 ను చూడగానే 3, 11 అని విడగొట్టి 7 ను పట్టవచ్చును గదా అని విద్యార్థి అడుగును. నిజమే. అందుకే వాడుకలో ఆ లబ్ధము 617 అంకెల పొడవుండును. అంతటిదానిని విడగొట్టు సులభమార్గము నేటి కంప్యూటర్లకు తెలియదు. ఇటీవల దీనికి బదులు దీర్ఘవృత్తీయ వక్రముల గణితమును ఎక్కువగా వాడుచున్నారు. తక్కువ అంకెలతో అంతే భద్రత దొరకును.

ఈ సూత్రముతో డీఎన్ఎస్ జవాబులకు ముద్రవేయు ఏర్పాటునకు 'డీఎన్ఎస్‌సెక్' అని పేరు. బైండ్‌లో 'డీఎన్ఎస్‌సెక్-కీజెన్' అను ఆజ్ఞ రెండు ఫైళ్లను పుట్టించును. '.కీ' అని ముగియునది లోకమునకు, '.ప్రైవేట్' అని ముగియునది దాచుటకు. సాధారణముగా ఇట్టి జతలు రెండు పెట్టుదురు. ఒక చిన్న జత పట్టికలోని జవాబులకు ప్రతిదినము ముద్రవేయుచుండును. పెద్ద జత చేయు పని ఒకటే: చిన్న జత నమ్మదగినదని ముద్ర వేయుట. ఎక్కువ వాడు చిన్నదానిని ఎవరిని అడుగకుండ మార్చుకొనవచ్చును; పెద్దదానిని మార్చవలెనన్న పైవారితో పని పడును.

ఏలననగా బహిరంగ తాళంచెవి దొంగది కాదని ఎవరు చెప్పవలెను? పై సర్వరు. పెద్ద తాళంచెవియొక్క సారమును 'డీఎస్' అను నమోదుగా పై సర్వరునకు ఇత్తురు. ఆ నమోదుక్రింద పైవారు తమ ముద్ర వేయుదురు. వారి తాళంచెవికి వారి పైవారు. ఇట్లు బోదెనుండి పిల్లకాలువకు, కాలువకు, చివరకు ఆనకట్టకు చేరినట్లు, నమ్మకము మూలమువరకు ఎక్కును. నడుమ ఒక లంకె లేకున్న గొలుసు తెగును. సర్వరులో తాళంచెవులన్నియు చక్కగా అమర్చి డీఎస్ నమోదును పైకి పంపుట మరచినవాని శ్రమ ఊరిలో వినబడని దండోరా వంటిది.

కామిన్‌స్కీ లేని పేర్లతో ఆడిన ఆటకు కూడ ఇందులో జవాబున్నది. 'లేదు' అను మాటకును ముద్ర ఉండవలెను. కాని లేని పేర్లు అనంతము. అన్నిటికి ముద్ర వేయుటెట్లు? పేర్లను అక్షరక్రమములో పేర్చి ఖాళీకి ముద్ర వేయుదురు. 'అమలాపురం తరువాతి పేరు మండపేట' అని ముద్రితముగా చెప్పిన, నడుమ కొవ్వూరు లేదని రుజువైనట్లే. సొగసైన ఉపాయము.

మూలపు ముద్ర, మార్చు కష్టము

అన్నిటికి పైనున్న మూలపు తాళంచెవికి పైన మరెవ్వరు లేరు. అందువల్ల దానిని పుట్టించుట ఒక క్రతువువలె జరిగినది. 2010 జూన్ 16న అమెరికాలోని కల్పెపర్ అను ఊరిలో మొదటి సభ జరిగెను. ముద్రలతో కూడిన మూలపట్టిక జూలై 15న వెలువడెను. కల్పెపర్‌లోను, కాలిఫోర్నియాలోని ఎల్ సెగుండోలోను రహస్యసంఖ్య ప్రత్యేకమైన పెట్టెలలో ఉండును. పెట్టెను బలవంతముగా తెరువబోయిన అది తనలోని సంఖ్యను తానే చెరిపివేయును. ఒక్కొక్క చోటికి వివిధ దేశములవారు ఏడుగురు ప్రతినిధులుందురు. వారిలో ముగ్గురైనను వచ్చి తమ వంతు ఇచ్చిననే పెట్టె పనిచేయును. ఏటికి నాలుగుసార్లు జరుగు ఈ తంతును ఎవరైనను ఇంటినుండి చూడవచ్చును. 2020 ఫిబ్రవరిలో ఇంత గణితమును కాపాడు ఇనుపపెట్టె తాళమే చెడి తెరచుకొనలేదు. తాళములవాడు దానిని తొలిచి తెరచువరకు సభ కొన్ని దినములు ఆగవలసి వచ్చెను.

తాళంచెవిని పుట్టించుటకంటె మార్చుట కష్టము. విచారణ సర్వర్ల జ్ఞాపకములో పాత ముద్రలు గడువువరకు నిలుచును కనుక, కొత్తదానిని చాటి, అది అంతట పాకినదని నమ్మకము కుదిరిన తరువాతనే పాతదానిని తీయవలెను. కొత్త తూము తెరచి నీరు చివరి చేనివరకు పారకముందే పాతది పూడ్చినవాడు ఆయకట్టు ఎండగట్టును. ముద్రలకు కాలపరిమితియు ఉండును. కొన్ని వారములకొకసారి మరల వేయవలెను. మరచినచో పట్టిక సరిగా ఉన్నను లోకము దానిని నమ్మదు. 2012 జనవరిలో అమెరికా అంతరిక్షసంస్థ నాసా తాళంచెవులు మార్చుటలో పొరపడినది. ముద్రలు పోల్చి చూచుచున్న కాంకాస్ట్ అను కంపెనీ ఖాతాదారులకు నాసా వెబ్‌సైటు కనబడలేదు. ఆ కంపెనీయే నాసాను అడ్డగించినదని జనులు తిట్టిపోసిరి. నిజమునకది తన పని తాను సరిగా చేసినది. మూలపు తాళంచెవి మార్పు 2017 అక్టోబరు 11న జరుగవలసియుండగా, పలు విచారణ సర్వర్లు సిద్ధముగా లేవని తెలిసి సరిగా ఏడాది ఆపి 2018 అక్టోబరు 11న జరిపిరి. తరువాతి తాళంచెవిని 2025 జనవరిలో లోకమునకు చాటిరి. దానితో ముద్రవేయుటకు 2026 అక్టోబరు 11వ తేదీని నిర్ణయించిరి.

ముద్ర ఉన్నంతమాత్రమున పేజీలోని ప్రతి అంకె నిజమని అర్థము కాదు. దొంగ సర్వరులోనికే చొరబడి నీటిమట్టమును దిద్దినచో డీఎన్ఎస్ ముద్ర ఏమియు చేయలేదు. ఆ బాధ్యత వేరు. బ్రౌజరు అంచున కనబడు తాళపు గుర్తుకూడ వేరొక ఏర్పాటు. అది పేజీ రాకపోకలను కాపాడును. చిరునామా నిజమైనదేనా అని తేల్చుట మాత్రము ఈ ముద్ర పని. ఇది కూడ డొమైనువారు ముద్ర వేసి, విచారణ సర్వరువారు పోల్చిననే ఫలించును. ముద్ర లేని డొమైనులు నేటికిని అసంఖ్యాకములు. 2011లో తెలుగు లిపిలోని '.భారత్' మూలపట్టికలో చేరినది. పేరు ఏ లిపిలో నున్నను ముద్రవేయు గణితము ఒక్కటే.

పాఠశాలలో ఇంటర్నెట్ గల కంప్యూటరు ఉన్నచో దీనిని కంటితో చూడవచ్చును. 'డిగ్' అను ఉచిత సాధనముతో ఏదైన పేరును అడిగినప్పుడు జవాబు పైభాగమున కొన్ని చిన్న గుర్తులు వచ్చును. వానిలో 'ఏడీ' అను రెండక్షరములున్నచో, విచారణ సర్వరు మూలమునుండి ఆ పేరువరకు ముద్రలన్నిటిని పోల్చి సరియైనవని చెప్పుచున్నదని అర్థము. చిరునామా వచ్చి 'ఏడీ' లేనిచో ఆ పేరునకు ముద్ర లేదు, లేదా ఆ సర్వరు పోల్చుట లేదు. ముద్ర ఉండి తప్పినచో చిరునామాయే రాదు. 'సర్వ్‌ఫెయిల్' అను మాట వచ్చును. జిల్లా కార్యాలయముల పేర్లను, బ్యాంకుల పేర్లను, తమ ఊరి కళాశాల పేరును పిల్లలు ఒకటొకటిగా అడిగి ఎన్నిటికి 'ఏడీ' వచ్చినదో పట్టిక వ్రాసికొనవచ్చును.